‘వజ్రకోన-2’ బాగుందా, బాగోలేదా?

పదకొండేళ్ళపాటు ఒక మనిషి ఒంటిచేత్తో తాడు పట్టుకుని అగాధం మీద వేలాడుతూ ఉంటే చూసేవాళ్ళకి భుజాలు నొప్పెట్టవా? నాగులవలస జనానికి పెట్టాయి.

‘వజ్రకోన’ సినిమా మొదటి భాగం సరిగ్గా అక్కడ ఆగింది. హీరో శౌర్యబాబు వజ్రాల గుహ అంచున కాలు జారి, తాడు దొరకబుచ్చుకుని, పైన విలన్ కత్తి ఎత్తగానే తెరమీద ‘ఇంకా ఉంది’ అని పడింది. ఆ ఇంకా ఉన్న ముక్క రావడానికి పదకొండేళ్ళు పట్టింది. ఈలోగా నిర్మాత మారాడు. దర్శకుడికి బట్టతల వచ్చింది. శౌర్యబాబుకి పొట్ట వచ్చి, పోయి, మళ్ళీ వచ్చింది. తాడు మాత్రం అలాగే ఉంది.

ఆ తాడు తెగుతుందా తెగదా అన్న విచారంలోనే లెంక అప్పలసూరి యవ్వనమంతా గడిచిపోయింది. అతనికి నాగులవలస మెయిన్ రోడ్డులో కళ్ళజోళ్ళ దుకాణం. దాలినాయుడు, పోలారావు అనే ఇద్దరు స్నేహితులతో కలిసి ఆ ఊళ్ళో శౌర్యబాబు అభిమాన సంఘం పెట్టినవాడు. దాలినాయుడు అధ్యక్షుడు, పోలారావు కార్యదర్శి, అప్పలసూరి కోశాధికారి. కోశమంటూ ఏమీ లేదు కాబట్టి ఆ పదవికి పోటీ కూడా లేదు. పెళ్ళిచూపుల్లో గౌరీశ్వరిని అతను అడిగిన మొదటి మాట, “తాడు తెగుతుందంటారా?” అని. శుభమా అని పెళ్ళిమాటలు నడుస్తుంటే తాడు తెగడమేమిటని పిల్ల మేనత్త అక్కడికక్కడే శోకాలు అందుకోబోయింది. గౌరీశ్వరి మాత్రం, “కొత్త తాడైతే తెగదు లెండి” అని కాఫీ ఇచ్చి లోపలికి పోయింది. సంబంధం కుదిరిపోయింది.

ఎట్టకేలకు ‘వజ్రకోన-2’ సత్యనారాయణ టాకీసులోకి వచ్చింది. పొద్దున్నే వేసిన మొదటి ఆటకి దాలినాయుడు, పోలారావు వెళ్ళారు. అప్పలసూరికి రెండో ఆట టిక్కెట్టు దొరికింది. కొత్త చొక్కా వేసుకుని బయట వరసలో నిలబడ్డాడు. తలుపులు తెరుచుకున్నాయి. దాలినాయుడు రెండు చేతులూ పైకెత్తి, “అదిరిపోయిందిరా!” అని అరుస్తూ బయటికొచ్చాడు. అతని వెనకాలే పోలారావు తువ్వాలు నేలకేసి కొట్టి, “పదకొండేళ్ళు బూడిదలో పోసిన పన్నీరైపోయాయిరా!” అన్నాడు.

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. వాళ్ళ వెనకున్న జనం కూడా చూసుకున్నారు. ఆ తరవాత ఎవరు ముందు చెయ్యెత్తారో ఎవరికీ తెలీదు. శౌర్యబాబు ఫ్లెక్సీ చిరిగింది. కుర్చీలు బయటికొచ్చాయి. అప్పలసూరి ఇద్దరినీ విడదీయబోయి కుడి చెంప మీద బాగుందన్నవాడి చెప్పు, ఎడమ చెంప మీద బాగోలేదన్నవాడి చెప్పు తిన్నాడు. రెండో ఆట రద్దయింది. చెయ్యి చాపితే అందేంత దూరంలోకి వచ్చిన సినిమాని చూడకుండానే అతను ఇంటికి పోయాడు.

శాంతిభద్రతల బాధ్యత ఆర్డీవో సదాశివమూర్తిగారి నెత్తిన పడింది. ఆయన ఏ సమస్యనైనా ఉత్తర్వుతో తప్ప ఊరికే పోనిచ్చేవారు కారు. మర్నాడే ‘అభిప్రాయ క్రమబద్ధీకరణ ఉత్తర్వు’ వెలువడింది. “భిన్నాభిప్రాయములు కలిసినచోట ఘర్షణ సంభవించుచున్నది. కావున అభిప్రాయములను కలవనీయరాదు” అని అందులో మొదటి వాక్యం.

టాకీసుకి తూర్పున ఒక గేటు, పడమట ఒక గేటు పెట్టించారు. సినిమా బాగుందన్నవాళ్ళు తూర్పు గేటులోంచి, బాగోలేదన్నవాళ్ళు పడమటి గేటులోంచి బయటికి పోవాలి. పోయేటప్పుడు ఓట్లనాడు పెట్టినట్టు వేలికి సిరా పెడతారు. తూర్పు వాళ్ళకి ఆకుపచ్చ, పడమటి వాళ్ళకి ఎరుపు. పచ్చ వేళ్ళవాళ్ళకి పొద్దుట కూరల బజారు, ఎర్ర వేళ్ళవాళ్ళకి సాయంత్రం. ఆటోలు వేరు, టీ బడ్డీలు వేరు, క్షౌరశాలలు వేరు. ఒకే ఇంట్లో మొగుడికి పచ్చ, పెళ్ళానికి ఎరుపు పడితే ఒకరు వీధిగదిలోనూ ఒకరు వంటింటివైపూ ఉండాలని మరో నిబంధన. చాలా ఇళ్ళలో ఈ పద్ధతి ముందునుంచే ఉండడంతో పెద్దగా ఇబ్బంది కాలేదు.

నిజం చెప్పాలంటే ఊరు చల్లబడింది. తగువాడుకుందామంటే ఎదుటి పక్షంవాడు కనిపించడం లేదు. “నాగులవలస నమూనా” అని పేపర్లో సదాశివమూర్తిగారి ఫోటో పడింది.

టాకీసు మళ్ళీ తెరిచిన రోజున అప్పలసూరి మధ్యాహ్నం ఆటకి వెళ్ళాడు. లైట్లు ఆరగానే అతనికి కళ్ళు చెమర్చాయి. తాడు కనిపించింది. శౌర్యబాబు కనిపించాడు. విలన్ కత్తి దించాడు. శౌర్యబాబు ఒక డైలాగు చెప్పి, తాడు పట్టుకుని చకచకా పైకి ఎక్కేశాడు. తాడు తెగలేదు. ఎవరో దాన్ని చుట్టచుట్టి పక్కన పెట్టారు కూడా. అంతే!

ఆ తరవాత సముద్రంలో మొసలితో పోరాటం వచ్చింది. అప్పలసూరి కుర్చీలో ముందుకి జరిగాడు. మంచుకొండల్లో పాట వచ్చింది. వెనక్కి జరిగాడు. గుహలో వంతెన కూలింది. గుండె ఝల్లుమంది. విలన్ పశ్చాత్తాపపడి తన చిన్నతనం గురించి చెప్పడం మొదలుపెట్టాడు. అప్పలసూరి దుకాణానికి రావలసిన అద్దాల గురించి ఆలోచించాడు. విందు భోజనం ఉందని ఆకలి దాచుకుని వెళితే ఇడ్లీ పెట్టినట్టుంది. ఇడ్లీ చెడ్డదేం కాదు.

బయటికొచ్చే దారిలో హోంగార్డు నిలబడి ఉన్నాడు. “బాగుందన్నోళ్ళు ఇటు, బాగోలేదన్నోళ్ళు అటు. ఆగకండి, నడవండి.”

అప్పలసూరి ఆగాడు.

“ఏటండీ? బాగుందా, బాగోలేదా?”

“పర్లేదు.”

“పర్లేదంటే?”

“పర్లేదంటే... పర్లేదే.”

హోంగార్డు తూర్పుకి చూశాడు, పడమటికి చూశాడు. “అలాటి గేటు లేదండీ” అన్నాడు.

అప్పలసూరి ఏదో ఒకటి చెప్పి పోవచ్చు. పోదామనే తూర్పువైపు అడుగు వేశాడు. మంచుకొండల పాట గుర్తొచ్చి కాలు ఆగింది. పడమటివైపు తిరిగాడు. మొసలి గుర్తొచ్చింది. పదకొండేళ్ళు ఎదురుచూసిన సినిమా గురించి ఆఖరికి అబద్ధం చెప్పడమా అనిపించింది. తన దుకాణానికి వచ్చినవాళ్ళని అతను రోజూ, “ఈ అద్దం బాగా కనిపిస్తోందా, ఇదా?” అని అడుగుతాడు. రెండూ ఒకలాగే ఉన్నాయని సగంమంది చెబుతారు. వాళ్ళనెవరినీ అతను దుకాణంలో పెట్టి తాళం వెయ్యలేదు.

కబురు అందుకుని ఆర్డీవోగారు గుమాస్తాతో సహా జీపులో వచ్చారు.

“చూడవయ్యా, నీ అభిప్రాయమేమిటి?”

“పర్లేదు సార్.”

“అది అభిప్రాయం కాదు. అభిప్రాయరాహిత్యం. ప్రభుత్వపరంగా అభిప్రాయమనగా అనుకూలమో ప్రతికూలమో అయివుండవలెను.”

“కొంత బాగుంది సార్, కొంత బాగోలేదు.”

గుమాస్తా చేతులు కట్టుకుని ముందుకొచ్చాడు. “సార్, ఇతణ్ణి ముందు తూర్పు గేటులోంచి పంపి, వెనక్కి పిలిచి, పడమటి గేటులోంచి పంపిస్తే...”

“వేలికి ఏ సిరా పెడతావు? రెండూ పెడితే పొద్దుటా సాయంత్రమూ కూడా కూరలు కొంటాడు. తోటి పౌరులకు అన్యాయం జరగదా?” అన్నారు సదాశివమూర్తిగారు. గుమాస్తా వెనక్కి తగ్గాడు.

ప్రభుత్వ వైద్యుణ్ణి పిలిపించారు. ఆయన అప్పలసూరిని మళ్ళీ ఆటకి కూర్చోబెట్టి సినిమా పొడవునా నాడి పట్టుకున్నాడు. మొసలి దగ్గర నాడి పరిగెత్తిందనీ, పాట దగ్గర నిద్రపోయిందనీ, మొత్తమ్మీద మనిషి ఆరోగ్యంగా ఉన్నాడనీ చెప్పాడు. అదే ఆయన చేసిన పొరపాటు. జబ్బేమీ లేదంటే ఇది మొండితనమేనని ఆర్డీవోగారు తేల్చేశారు. “ఇతని అభిప్రాయం ఇంకా పక్వం కాలేదు. అది పక్వమగువరకు చిత్రమును చూపుచుండవలెను” అని అక్కడే ఆదేశించారు.

ఆ విధంగా అప్పలసూరి టాకీసులోనే ఉండిపోయాడు. ఆట తరవాత ఆట చూశాడు. శౌర్యబాబు ఎప్పుడు తుమ్మబోయి ఆపుకున్నాడో కూడా కనిపెట్టాడు. చూసిన కొద్దీ పర్లేదన్న సంగతి మరింత గట్టిపడిందే గానీ కదల్లేదు.

మర్నాడు గౌరీశ్వరి క్యారేజీ పట్టుకుని వచ్చింది. అభిప్రాయం లేనివాళ్ళని లోపలికి వదిలేది లేదన్నారు. అభిప్రాయం ఎలా వస్తుందని అడిగితే సినిమా చూస్తే వస్తుందన్నారు. ఆమె టిక్కెట్టు కొనుక్కుని లోపలికి వచ్చి మొగుడి పక్కన కూర్చుంది.

“రెండు ముక్కల్లో ఏదో ఒకటి చెప్పేసి ఇంటికి రావచ్చు గదండీ? దుకాణం మూసేసుంది. పెద్దాడు అద్దాలన్నీ పెట్టుకుని కళ్ళు తిరిగి పడుకున్నాడు.”

“చెబుదామనే అనుకుంటాను గౌరీ. నోరు రావడం లేదు.”

ఆమె సినిమా చూసింది. మధ్యమధ్యలో అతనికి పులిహోర పెట్టింది. అంతా అయ్యాక అప్పలసూరి భయంభయంగా అడిగాడు. “ఎలాగుంది?”

“మొదటిది కూడా ఇంతే గదండీ” అంది గౌరీశ్వరి.

అప్పలసూరి చేతిలో పులిహోర ముద్ద అలాగే ఉండిపోయింది. ఆ మాట మరెవరైనా అనుంటే మూడో చెప్పు అతని కాలినుంచే లేచేది. “ఏటి, మొదటిది ఇంతేనా?”

“ఇంతే. అందులోనూ పాటలో మీరు నిద్రపోయేవారట. మీ పోలారావే చెప్పేడు. అప్పుడు మీకు మీసాలు సరిగ్గా రాలేదు. అందుకని బాగుంది.”

ఆమె ఖాళీ క్యారేజీ సర్దుకుంది. గేటు దగ్గర హోంగార్డు, “బాగుందా, బాగోలేదా?” అన్నాడు.

“ఇంటి దగ్గర పిల్లలున్నారు నాయనా, జరుగు” అంది. అతను జరిగాడు. ఏ సిరా పెట్టాలో తేల్చుకునేలోగా ఆమె వీధి మలుపు తిరిగిపోయింది. ఈ సంగతి ఎవరూ పైవాళ్ళకి చెప్పలేదు.

అప్పలసూరి మాత్రం ఆ మాట నుంచి తేరుకోలేకపోయాడు. మొదటి భాగం గుర్తు చేసుకుందామని కూర్చుంటే సినిమా రావడం లేదు. ముగ్గురూ ఒకే సైకిలెక్కి రావడం, టిక్కెట్ల దగ్గర పోలారావు చొక్కా చిరగడం, దాలినాయుడు తన చొక్కా విప్పి వాడికిచ్చి బనీనుతో సినిమా చూడడం, ఇవి వస్తున్నాయి.

ఇక ఉపదేశం ఒక్కటే మార్గమని సదాశివమూర్తిగారు నిశ్చయించారు. “అభిమత ప్రబోధకులు” అనే పేరుతో తూర్పు పక్షం తరఫున దాలినాయుణ్ణి, పడమటి పక్షం తరఫున పోలారావునీ నియమించి లోపలికి పంపారు. కొట్టుకున్న రోజు తరవాత ఇద్దరూ ఒకే కప్పు కిందకి రావడం అదే మొదలు. నడుమ అప్పలసూరిని పెట్టుకుని చెరో పక్కనా కూర్చున్నారు. ఒకరు ఎడమవైపు తల తిప్పుకున్నారు, ఇంకొకరు కుడివైపు.

ఆట మొదలైంది. చీకటి పడగానే దాలినాయుడు అతని చెవి దగ్గరకి వంగాడు.

“బావా, నిజం చెప్పనా? నాకూ పర్లేదనే ఉంది.”

“మరి అదిరిపోయిందన్నావు?”

“అధ్యక్షుణ్ణి గదేటి! అధ్యక్షుడు పర్లేదంటే సంఘం ఉంటాదా? తలుపు తీశారు, ఎదురుగా మీరంతా ఆశగా చూస్తన్నారు. నోట్లోంచి వచ్చేసింది.”

కాసేపటికి రెండో చెవిలో పోలారావు గొంతు వినబడింది. “ఒరే సూరీ, సినిమా అంత దారుణంగా ఏమీ లేదురా.”

“బూడిదలో పన్నీరన్నావు!”

“ఆడు అదిరిపోయిందని అరిసేడు గదా. అంతలేదురా అందామనుకున్నాను. అందులో వేడి లేదు. పన్నీరు వచ్చేసింది.”

అప్పలసూరి ఇద్దరి మెడలూ పట్టుకుని దగ్గరికి లాగాడు. “నాకు చెప్పింది ఒకరికొకరు చెప్పుకోండి.”

ఇద్దరూ మొహమొహాలు చూసుకున్నారు. తెరమీద మంచుకొండల పాట నడుస్తోంది. దాలినాయుడు, “ఈ పాట తీసెయ్యాల్సిందిరా పోలిగా” అన్నాడు. పోలారావు గొంతు సవరించుకుని, “మొసలి బాగుందిరా” అన్నాడు. అంతే. అప్పలసూరికి నవ్వొచ్చింది. ఆ నవ్వు ముగ్గురికీ అంటుకుంది. విలన్ తన చిన్నతనం గురించి ఏడుస్తుంటే వీళ్ళు పొట్టలు పట్టుకుని నవ్వారు.

వెనక వరసలోంచి ఒక పెద్దాయన ముందుకి వంగాడు. “బాబూ, పర్లేదు అనొచ్చేటి?”

“అంటే బయటికి పోనివ్వరండీ.”

“అనొచ్చా, అనకూడదా?”

“అనొచ్చండి.”

“అయితే నాదీ అదే” అని ఆయన హాయిగా వెనక్కి వాలాడు.

ఆ ఆట అయ్యేసరికి ఆ వరస మొత్తం లేవలేదు. తరవాత ఆటకి మరో రెండు వరసలు. కొందరు వేళ్ళకి అంతకుముందే ఉన్న సిరా సున్నం పెట్టి రుద్దుకుని మరీ వచ్చి కూర్చున్నారు. చూసిన వాళ్ళు లేవకపోతే చూడబోయేవాళ్ళకి చోటేది? బయట ‘హౌస్‌ఫుల్’ బోర్డు పెట్టారు, తియ్యలేదు. మర్నాడు సినిమావాళ్ళు పేపర్లో పేజీ నిండా ప్రకటన వేశారు. “నాగులవలస ప్రేక్షకులు సీట్లు వదలడం లేదు!” అందులో అక్షరం అబద్ధం లేదు.

అది చదివి జిల్లా పెద్దలు సదాశివమూర్తిగారికి ఫోను చేశారు. అభినందించడానికి అనుకుని ఆయన లేచి నిలబడి ఎత్తారు. కానీ పచారీ కొట్లు, బ్యాంకు, బడులు ఎందుకు మూతబడ్డాయో తెలుసుకోవడానికి చేశారని తెలిసింది. ఉపాధ్యాయులు సగంమంది బాల్కనీలో ఉన్నారు. “మీరు స్వయముగా తనిఖీ చేయండి” అన్నారు పెద్దలు.

సదాశివమూర్తిగారు ఉద్యోగంలో చేరాక సినిమా చూడలేదు. తనిఖీకి వచ్చినవారు నిలబడి చూడకూడదని జనం సర్దుకుని అప్పలసూరి పక్కన చోటిచ్చారు. అప్పలసూరి తెరకంటే ఎక్కువగా ఆయన్నే చూశాడు. మొసలి రాగానే ఆయన అప్పలసూరి మోచెయ్యి పట్టుకున్నారు. వంతెన కూలినప్పుడు “అయ్యయ్యో, మంజూరు లేకుండా కట్టుంటారు” అన్నారు. పాట వచ్చింది. ఆయన తల మెల్లిగా అప్పలసూరి భుజం మీదికి చేరింది. పోలారావు లేపబోతే అప్పలసూరి వద్దని సైగ చేశాడు.

ఆట ముగిసింది. సదాశివమూర్తిగారు చొక్కా సర్దుకుని ముందు నడిచారు. హాలు హాలంతా వెనకాల నడిచింది. హోంగార్డు కాళ్ళు దగ్గరికి పెట్టి ఠపీమని సెల్యూట్ కొట్టాడు. విధి నిర్వహణలో చిన్నా పెద్దా చూడవద్దని అతనికి రాతపూర్వకమైన ఆదేశం ఉంది.

“సార్, బాగుందా, బాగోలేదా?”

ఆయన తూర్పువైపు చూశారు. పడమటివైపు చూశారు. బాగుందంటే ఆర్డీవోగారు శౌర్యబాబు మనిషని రేపు పేపర్లో రాస్తారు. బాగోలేదంటే అభిమానులు జీపు అద్దాలు ఉంచరు. అన్నిటికంటే పెద్ద చిక్కేమిటంటే ఆయన మొహంలో అచ్చం అప్పలసూరి మొహంలో ఉన్నదే ఉంది. అప్పలసూరికి జాలేసింది. వెనకనుంచి మెల్లిగా అందించాడు. “పర్లేదు అనండి సార్, ఏం కాదు.”

ఆర్డీవోగారు ఆ మాట అనలేరు. ఆ మాట అభిప్రాయం కాదని ఆయనే సంతకం పెట్టి ఉన్నారు. నుదుటి చెమట తుడుచుకున్నారు. ఉన్నట్టుండి ఆయన వెన్ను నిటారైంది.

“పరిశీలనలో ఉంది” అన్నారు.

“ఆయ్... అంటే ఏ గేటు సార్?”

“పరిశీలనలో ఉన్నదానికి ఏ గేటూ వర్తించదు. ఆ మధ్యలోదేమిటి?”

“పాత సోడాల గది తలుపండి. మేకులు కొట్టేశారు.”

“తెరిపించండి.”

మేకులు పీకారు. సదాశివమూర్తిగారు తల వంచుకుని ఆ తలుపులోంచి బయటికి నడిచారు. ఆ వెంటనే దాలినాయుడు రొమ్ము విరుచుకుని, “మాదీ పరిశీలనలోనే ఉందండీ!” అన్నాడు. “మాదీ!” అన్నాడు పోలారావు. “మాదీ, మాదీ” అని హాలంతా మారుమోగిపోయింది. వరసలు వరసలుగా జనం సోడాల గదిలోంచి వీధిలో పడ్డారు. పెద్దాయన గుమ్మం దాటుతూ ఎండకి చెయ్యి అడ్డం పెట్టుకుని, “అమ్మయ్య” అన్నాడు.

సాయంత్రానికి సవరణ ఉత్తర్వు వచ్చింది. తూర్పు, పడమటి గేట్లు “ప్రస్తుతమునకు” మూసివేయబడినవి. నాగులవలస నమూనా విజయవంతంగా పూర్తయినట్టు పేపర్లో మళ్ళీ ఫోటో పడింది.

ముగ్గురు స్నేహితులూ తిన్నగా అప్పలసూరి ఇంటికి వచ్చి అరుగు మీద చతికిలబడ్డారు. పిల్లలిద్దరూ వచ్చి తండ్రిని పట్టుకున్నారు. వీధిలో పచ్చ వేలువాడొకడు, ఎర్ర వేలువాడొకడు పొట్లకాయ బేరమాడుతూ గట్టిగా పోట్లాడుకుంటున్నారు. వినడానికి ఎంతో బాగుంది. గౌరీశ్వరి వేడివేడి ఉప్మా మూడు ప్లేట్లలో తెచ్చిపెట్టి, కొంగుతో చెయ్యి తుడుచుకుంటూ గుమ్మంలో నిలబడింది. ముగ్గురూ తలో ముద్ద నోట్లో పెట్టుకున్నారు.

“ఎలాగుంది?” అంది.

“చాలా బాగుంది!” అన్నారు ముగ్గురూ, ఒక్క గొంతుతో, క్షణం ఆలోచించకుండా.

గౌరీశ్వరి మొగుడి ప్లేటులోంచి ఒక పలుకు తీసి నోట్లో వేసుకుంది. నమిలింది. ముగ్గురినీ ఒకరి తరవాత ఒకరిని చూసింది.

“ఉప్పు వెయ్యడం మర్చిపోయాను” అంది. “మీకోసమా, పాపం, ఊరంతా ఆ సోడాల గది మేకులు పీకింది?” అని ప్లేట్లు మూడూ తీసుకుని లోపలికి పోయింది.